గట్టు మీద కట్టెల బ్యాంకు

మా ఇంట్లో గ్యాస్ స్టవ్ ఉంది, ఇండక్షన్ కూడా ఉంది. అయినా పొద్దున్నే ఐదింటికి పెరట్లో పొయ్యి వెలగాల్సిందే. స్నానాలకు కాగులో నీళ్లు, గేదెకు ఉలవలు, పండక్కి అరిసెలు... ఇవన్నీ దాని డిపార్ట్‌మెంట్. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్జ్వల వచ్చింది. వంటింట్లోకి సిలిండర్ చేరింది గానీ పెరటి పొయ్యి మాత్రం ఇంకా రిటైర్ కాలేదు. మీ ఊళ్లోనూ ఇంతేగా?

ఆ పొయ్యిలోకి కట్టెలు ఎక్కణ్నుంచి వస్తాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. 2021లో వర్క్ ఫ్రం హోమ్ అంటూ ప్రకాశం జిల్లాలోని మా ఊరికి వచ్చాక తెలిసింది. అమ్మే చెరువు కట్ట దిగి, సర్కారు తుమ్మ కొట్టి, మోపు కట్టి నెత్తిన పెట్టుకుని తెస్తోంది. ఒకరోజు ముల్లు చెప్పును చీల్చుకుని పాదంలో దిగింది. అమ్మకు షుగర్. ఆ చిన్న పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదన్నాడు డాక్టర్.

"ఇక కట్టెలు బంద్. గీజర్ పెట్టిస్తా" అన్నాను.

"పొద్దున పూట కరెంటు ఉంటే పెట్టించు. ఉలవలు కూడా దాన్లోనే ఉడకేస్తావా?" అంది నాయనమ్మ. కాసేపాగి, "కట్టె కోసం చెరువుకు పోవడం ఎందుకురా? మన గట్టు మీద గిరిపుష్పం గుచ్చు. కొట్టేకొద్దీ మళ్లీ వచ్చుద్ది" అంది.

కొట్టేకొద్దీ రావడం అంటే ఏంటో తర్వాత అర్థమైంది. కొమ్మలు కొట్టేసినా కింద వేర్లు బతికే ఉంటాయి. వాటిలో దాచుకున్న బలంతో మోడు మళ్లీ చిగురేస్తుంది. కొత్త మొక్కలా మొదటి నుంచి వేర్లు పెంచుకోవాల్సిన పని లేదు కాబట్టి త్వరగా ఎదుగుతుంది. అన్ని చెట్లూ ఇలా చేయవు. గిరిపుష్పం, సుబాబుల్, జామాయిల్, వేప బాగా చిగురేస్తాయి. సర్విని మొదలంటా కొడితే మాత్రం సాధారణంగా మళ్లీ నాటుకోవాల్సిందే.

సరే, లెక్క వేద్దాం అని ఎక్సెల్ తెరిచా. వారం రోజులు కట్టెలు తూకం వేస్తే రోజుకు సగటున 4 కిలోలు తేలింది. ఏడాదికి దాదాపు 1,460 కిలోలు. మా చేను రెండెకరాలు. చుట్టూ గట్టు సుమారు 360 మీటర్లు. మీటరుకొకటి చొప్పున 360 కొమ్మలు. ఏటా సగం చెట్లే కొట్టాలి, మిగతా సగం పై ఏడాదికి. అంటే ఒక్కో చెట్టు రెండేళ్లకోసారి 8 కిలోల ఎండు కట్టె ఇస్తే చాలు.

ఆ వానాకాలమే నాటాం. నేను పెన్సిల్ లావు పుల్లలు గుచ్చాను, ఎక్కువ భాగం ఎండిపోయాయి. నాయనమ్మ బొటనవేలికంటే లావున్న, మీటరు పొడవు ముదురు కొమ్మలు గుచ్చింది, చాలావరకు బతికాయి. బీటెక్‌లో ఈ యూనిట్ లేదు మరి!

రెండేళ్లు దాటాక, 2024 ఫిబ్రవరిలో తొలి కోత. అక్కడ ఇంకో తప్పు చేశా. వారం తిరక్కుండానే ఆ కట్టెలు పొయ్యిలో పెట్టా. పెరడంతా పొగ, అమ్మ కళ్లలో నీళ్లు. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. మంటలో చాలా వేడి ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. వేసవి మొదట్లో కొట్టి, చీల్చి, నేలకు తగలకుండా పేర్చి, వానలొచ్చేలోపు ఎండనిచ్చి పైన రేకు కప్పాలి. పొయ్యి ఈరోజుది, కట్టె మాత్రం నిన్నటి వేసవిది అయ్యుండాలి.

మీరూ నాటాలనుకుంటే కొన్ని మాటలు. మోడు మోకాలికి పైనే, ఏటవాలుగా కొట్టండి. చిగుళ్లలో రెండు మూడు మంచివి ఉంచి మిగతావి తీసేయండి. ఆకు పారేయకండి, చేలో పచ్చి ఎరువుగా వేయండి. గిరిపుష్పం బెరడు, గింజలు విషం, చిన్నపిల్లలున్న ఇళ్లలో జాగ్రత్త. సుబాబుల్ కాయలు ముదరనిస్తే చేనంతా మొలుస్తుంది. చెట్టు కొట్టే ముందు 2002 నాటి వాల్టా చట్టం సంగతి పంచాయతీలో కనుక్కోండి. కొన్ని జాతులకు అనుమతి కావాలి. పక్క చేను వాళ్లతో కూడా ముందే మాట్లాడండి. మా పక్క చేను మామ నీడ పడుతుందని గొడవకొచ్చాడు. ఆ వైపు వరస ఏటా కొడతామని, ఆకు ఆయనకే ఇస్తామని ఒప్పించాం.

ఎంత ఎండు కట్టైనా పొగ పొగే. అందుకే రోజువారీ వంట గ్యాస్ మీదే. పెరటి పొయ్యికి గొట్టం పెట్టించాం.

నా ఎక్సెల్ షీట్లో ఒక కాలమ్ మాత్రం మొదట్నుంచీ మిస్సయింది. కట్టెల బరువు రాశాను, గట్టు పొడవు రాశాను. అమ్మ టైమ్ రాయలేదు. చెరువు దాకా వెళ్లి రావడానికి వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటలు. ఇన్నేళ్లూ ఆ గంటలకు ఎవరూ బిల్లు వేయలేదు. చెట్లు ఎదిగేదాకా ఆ రెండున్నరేళ్లూ కట్టెలు కొనితెచ్చాం. ఆ ఖర్చు చూశాకే ఆమె పని విలువ నాకు తెలిసింది.

మీ ఇంట్లో కట్టెలు ఎవరు తెస్తున్నారో ఈసారి ఊరెళ్లినప్పుడు చూడండి. వాళ్ల పాదాలు కూడా చూడండి. తర్వాత గట్టు కొలవండి.