పేరు, పత్రము, ప్రభుత్వము

వాహనం నడిపేవాని జేబులో లైసెన్సు కాగితం ఉండితీరాలన్న రోజులు గతించినవి. డిజీలాకరు ద్వారా జారీ అయిన పత్రం మూలపత్రంతో సమానమని 2017లో సవరించిన నియమాలు నిర్దేశించినవి. 2018 ఆగస్టు 8న కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ఈ సంగతినే రాష్ట్రాలకు తెలియజేసింది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో వివరాలు సరిపోయిన పిమ్మట అధికారి కాగితం కోరరాదన్న నియమం 2020 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. (ఫోనులో తీసి దాచుకున్న ఫోటోకు ఈ గౌరవం లేదు, యువమిత్రులు గమనింతురు గాక!)

మార్పు స్వాగతింపదగినదే. ఐతే పత్రానికి హోదా కల్పించిన ప్రభుత్వం ఆ పత్రంలోని పేరును గూర్చి తగినంతగా యోచించలేదని నా అభిప్రాయం.

మన విద్యార్థుల పేర్లనే చూడండి. ఉర్దూలో మీమ్, హే, మీమ్, దాల్ - నాలుగే అక్షరాలు. తెలుగులోకి రాగానే అది మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్ అవుతుంది. ఇంగ్లీషులో ఒక గుమాస్తా చివర 'ఎ' వేస్తాడు, మరొకరు 'ఇ' వేస్తారు, ఓపిక లేనివారు 'ఎండి' అని సరిపెడతారు. 'షేక్' ఒక రికార్డులో ముందు, మరొక రికార్డులో వెనుక. ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలిపోయిన మన హిందూ సోదరుల కష్టమూ ఇటువంటిదే. వెనుకటి గుమాస్తా మనిషి ముఖం చూచి అర్థం చేసుకొనేవాడు. యంత్రానికి ఆ విచక్షణ ఎక్కడిది? ఆధార్‌లోని పేరూ లైసెన్సులోని పేరూ పొసగక పత్రం లాకరులోకి రాకుండా నిలిచిపోవటం కద్దు.

ఆధార్ సంఖ్య లేనివారికి ప్రత్యామ్నాయం చూపాలని 2016 నాటి చట్టంలోని 7వ సెక్షన్ చెబుతున్నది. బడిలో ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి కారాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న తీర్పు చెప్పింది. సంఖ్య లేనివారి మాట సరే. సంఖ్య ఉండీ ఒక్క అక్షరం తేడా పడినవాని గతి ఏమిటి? అక్షరం తప్పు వ్రాసినది కార్యాలయం, అఫిడవిట్టుకు ఖర్చుపెట్టి రోజుకూలి పోగొట్టుకునేది పౌరుడు! ఫోటో, పుట్టినతేది, తండ్రిపేరు సరిపోయినచోట వర్ణక్రమ భేదాన్ని అంగీకరించి తీరాలని, నిరాకరించే అధికారి కారణం వ్రాసి ఇవ్వాలని నియమం చేయటం ప్రభుత్వ విధి.

అంతవరకు మన కళాశాల కమిటీవారు చేయగల పని ఒకటున్నది. ప్రవేశాల సమయంలోనే ప్రతి విద్యార్థి పదవ తరగతి మెమోనూ ఆధార్‌నూ ప్రక్కప్రక్కన పెట్టి చూచి, తేడా ఉన్నచోట అప్పుడే చెప్పగలిగితే చాలు. ఉర్దూ, తెలుగు రెండూ చదవగల అధ్యాపకుడొకడు ఆ బల్లవద్ద కూర్చోవాలి. వచ్చే జూన్‌లో ఆ బాధ్యత నాకు అప్పగించినా సంతోషమే.