అంకెను ఎంతవరకు నమ్మవలెను?

మధుమేహమును తెలుగు ఇండ్లలో చక్కెర జబ్బు అంటారు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో షక్కర్ కీ బీమారీ అంటారు. నేడు ఉభయులును "షుగరు" అనే ఒక్క మాటతో సరిపెట్టుకొని, "ఎంత ఉన్నది?" అని పరామర్శించుకొంటున్నారు. ఆ "ఎంత"కు జవాబు చెప్పే సాధనము ఒకప్పుడు ఆసుపత్రి ప్రయోగశాలలో ఉండేది. తరువాత ఇంటి అలమారలోనికి వచ్చినది. ఇప్పుడు మనిషి చర్మమునకే అంటుకొని కూర్చున్నది. చొక్కా చేతి క్రింద నాణెమంత తెల్లని బిళ్ళను ధరించినవారు మన బంధువర్గములోనూ, మన తరగతి గదులలోనూ కనిపిస్తున్నారు. ఆ బిళ్ళ కొద్ది నిమిషముల కొకసారి ఒక అంకెను సెల్ ఫోనుకు పంపుతుంది. ఆ అంకెను గురించి మా అభిప్రాయమును విద్యార్థి మిత్రుల ముందును, కళాశాల కమిటీ పెద్దల ముందును ఉంచదలచినాము.

ఈ సాధనము గొప్ప మేలు చేసినదనుటలో మాకు సందేహము లేదు. రోజుకు నాలుగైదు సార్లు వేలు గుచ్చుకొన్నా, రాత్రి నిద్రలో చక్కెర ఎక్కడికి పడిపోయినదో పూర్వము ఎవరికీ తెలిసేది కాదు. చిన్ననాటి నుండి ఇన్సులిన్ మీద బ్రతుకుతున్న బిడ్డ గల తల్లి నడుగండి, అర్ధరాత్రి మోగే హెచ్చరిక విలువ ఏమిటో చెప్పుతుంది. మా పేచీ సెన్సారుతో లేదు. సాక్షిగా వచ్చినదానిని న్యాయమూర్తి పీఠము మీద కూర్చుండబెట్టుతున్న మన అలవాటుతోనే.

ముందుగా ఒక సంగతి. ఈ బిళ్ళ రక్తమును కొలవదు. దాని అడుగున వెంట్రుక వంటి సన్నని తీగ చర్మము క్రింద కొద్ది మిల్లీమీటర్ల లోతున, కణముల మధ్యనుండే ద్రవములో ఉంటుంది. ఆ తీగకు పూసిన గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము అక్కడి గ్లూకోజుతో కలిసినప్పుడు పుట్టే సూక్ష్మ విద్యుత్తును లెక్కకట్టి అంకెగా మార్చుతారు. 1962లో లీలాండ్ క్లార్క్, ఛాంప్ లయన్స్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన సూత్రమే నేటికీ చాలా సెన్సార్లకు పునాది. రక్తములోని గ్లూకోజు ఆ ద్రవములోనికి చేరుటకు కొంత వ్యవధి పట్టుతుంది. చక్కెర నిలకడగా ఉన్నప్పుడు ఈ ఆలస్యము లెక్కలోనికి రాదు. వేగముగా పెరుగుతున్నప్పుడో తరుగుతున్నప్పుడో మాత్రము ఫోనులో కనిపించేది అయిదు, పది, ఒక్కొక్కప్పుడు పదిహేను నిమిషముల నాటి సంగతి.

ఇందులోని ప్రమాదమును ఒక ఉదాహరణతో చెప్పుకొందాము. ఆటస్థలము నుండి వచ్చిన విద్యార్థికి చెమటలు పట్టినవి, చేతులు వణుకుతున్నవి. ఫోనులో 62 ఉన్నది. నియమము ప్రకారము 15 గ్రాముల చక్కెర, అనగా సుమారు మూడు చెంచాలు, నీళ్ళలో కలిపి త్రాగినాడు. పదిహేను నిమిషములకు చూస్తే ఫోనులో 58. రక్తములో చక్కెర అప్పటికే లేచి ఉండవచ్చును; సెన్సారు ఇంకా వెనుక నడుస్తున్నది. పిల్లవాడు భయపడి మరి మూడు చెంచాలు, మిత్రులు తెచ్చిన మిఠాయి, శీతల పానీయము. గంట గడిచేసరికి 280. దానిని దించుటకు ఇన్సులిన్, మళ్ళీ పతనము. ఆ పదిహేనవ నిమిషమున వేలు గుచ్చి ఒక్క స్ట్రిప్పు మీద రక్తపు బొట్టు పెట్టి ఉంటే ఈ ఉయ్యాల ఉండేది కాదు.

పొరపాట్లకు ఇతర కారణములు కూడా కలవు. సెన్సారు పెట్టిన మొదటి రోజున తీగ చుట్టునున్న కండ గాయపడి ఉంటుంది గనుక అంకెలు అంత నమ్మదగినవి కావు. బిళ్ళ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకొంటే అక్కడి ద్రవము నొక్కుకొనిపోయి, చక్కెర పడిపోయినట్లు తప్పుడు అంకె వస్తుంది; అర్ధరాత్రి గంట మోగుతుంది; ప్రక్కకు తిరిగి పడుకొంటే కొంతసేపటికి అదే సర్దుకొంటుంది. విటమిన్ సి పెద్ద మోతాదులో తీసుకొంటే కొన్ని రకముల సెన్సార్లు ఉన్నదానికంటె ఎక్కువ చూపుతవి. మరికొన్నింటిని జ్వరమునకు వేసుకొనే పారాసిటమాలే తప్పుదారి పట్టించగలదు. ఏ రకమునకు ఏ మందు గిట్టదో పెట్టెలోని కాగితము మీద వ్రాసియే ఉంటుంది. ఆ కాగితమును చదివే వారెందరు?

అలాగని స్ట్రిప్పు అంకెకు, సెన్సారు అంకెకు కొద్ది తేడా కనిపించగానే కంగారుపడుట కూడా అవివేకమే. గ్లూకోమీటరు సైతము సంపూర్ణమైనది కాదు. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము నూటికి 95 కొలతలు అసలు విలువకు 15 శాతము లోపల, 100 కంటె తక్కువ ఉన్నప్పుడు 15 మిల్లీగ్రాముల లోపల ఉంటే చాలును. నేటి మంచి సెన్సార్ల సగటు తేడా 8 నుండి 10 శాతము వరకు ఉంటుంది. సగటు అన్నప్పుడు కొన్ని అంకెలు అంతకు మించి తప్పుతవని అర్థము. కావున స్ట్రిప్పు 124, సెన్సారు 110 చూపితే రెండును సరియైనవే. తక్కువ అంకెలలో సుమారు 20 మిల్లీగ్రాములు, ఎక్కువ అంకెలలో సుమారు 20 శాతము దాటిన తేడా పదే పదే వస్తే అప్పుడు సెన్సారును శంకించవలెను. పోల్చేటప్పుడు చేతులు కడిగి తుడుచుకొనుట మరువరాదు. మామిడిపండు కోసిన వేలితో పరీక్షిస్తే తప్పు మీటరుది కాదు, మామిడిపండుది!

ఇది సిరాతో దిద్దుకొనే పొరపాటు వంటిది కాదని గ్రహించుటకు ఇటీవలి సంఘటన చాలును. ఒక ఉత్పత్తి వరుసలో తయారైన కొన్ని లిబ్రే 3, లిబ్రే 3 ప్లస్ సెన్సార్లు ఉన్నదానికంటె తక్కువ అంకెలు చూపవచ్చునని 2025 నవంబరులో ఆబట్ సంస్థ తానే ప్రకటించినది. అమెరికాలోనే సుమారు 30 లక్షల సెన్సార్లు ఈ ప్రకటన క్రిందికి వచ్చినవి. ప్రపంచము మొత్తము మీద 7 మరణములు, 736 తీవ్రమైన అస్వస్థతలు దీనితో సంబంధము గలవి కావచ్చునని ఆ సంస్థ తెలిపినది. తక్కువ చూపితే ప్రాణమెట్లు పోవునని కొందరికి అనుమానము కలుగవచ్చును. తక్కువ ఉన్నదని నమ్మినవాడు ఇన్సులిన్ మానుతాడు, తీపి తింటాడు; నిజముగా పెరిగిపోతున్న చక్కెర రోజుల తరబడి కనుగప్పి పెరుగుతుంది. ఇక చర్మమును గుచ్చకుండానే చక్కెర చెప్పుతామనే గడియారములు, ఉంగరములు అంగడిలోనికి వచ్చినవి. వాటిలో దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించినది. మిత్రులు వాటి జోలికి పోకుందురు గాక.

రంజాన్ మాసములో ఈ ప్రశ్న మన కళాశాలలో అనేకులకు మరింత దగ్గర అవుతుంది. చక్కెర 70 కంటె తగ్గినను, 300 దాటినను ఉపవాసము విరమించవలెనని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, డయాబెటిస్ అండ్ రంజాన్ కూటమి కలిసి 2021లో వెలువరించిన మార్గదర్శకములు చెప్పుచున్నవి. సహరీ తరువాత బిళ్ళ ఉన్న చేతి మీద నిద్రపోయి లేచినవాడు ఫోనులో 60 చూచి అనవసరముగా ఉపవాసము విడువవచ్చును. సాయంకాలము చక్కెర వేగముగా జారుతున్న వేళ సెన్సారు 82 చూపుచుండగా రక్తములో 65 ఉండవచ్చును; ఇఫ్తార్‌కు ఇంక అరగంటయే గదా అని ఓర్చుకొనుట అప్పుడు అపాయకరము. రక్తపరీక్షకు వేలు గుచ్చుకొన్నంత మాత్రమున ఉపవాసము భంగము కాదని ఆ మార్గదర్శకములే స్పష్టము చేసినవి. కనుక ఆ ఒక్క బొట్టుకు వెనుదీయ పనిలేదు.

ఒంటి లక్షణములు ఒకటి చెప్పుచు ఫోను మరొకటి చెప్పునప్పుడు వేలు గుచ్చి చూడవలెను. మీటరు దగ్గర లేనప్పుడు వణుకు, చెమట, తడబాటు కనిపిస్తే ఫోను ఏమన్నను ముందు చక్కెర ఇవ్వవలెను. స్పృహ తప్పినవారి నోటిలో మాత్రము ఏమియు పోయరాదు, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

కమిటీ పెద్దలకు మా మనవి ఇది. రెండు వారములకు కొన్ని వేల రూపాయలు పోసి సెన్సారు కొన్న తండ్రి, ఇక స్ట్రిప్పులు దండుగ అనుకొనుట సహజము. అందువలన అవసర సమయమున విద్యార్థి సంచిలో మీటరు ఉండదు. కళాశాల కార్యాలయములో ఒకటి, హాస్టలులో ఒకటి గ్లూకోమీటరు, గడువు తీరని స్ట్రిప్పులు, ఒక సీసాడు గ్లూకోజు పొడి ఉంచుటకు అయ్యే వ్యయము వార్షికోత్సవపు పూలదండల వ్యయమును మించదు. పరీక్ష హాలు సంగతి మరొకటి. ఫోను నిషేధము న్యాయమే. అయితే ఫోను బయట ఉంచిన క్షణము నుండి సెన్సారు మూగది. కేంద్ర మాధ్యమిక విద్యా మండలి 2017లోనే మధుమేహము గల విద్యార్థులు చక్కెర బిళ్ళలు, పండ్లు, నీళ్ళు పరీక్ష హాలులోనికి తీసుకొని పోవుటకు అనుమతించినది. మన కళాశాల అంతర్గత పరీక్షలలోనైనను ఆపాటి వెసులుబాటు ఉండవలెను. విద్యార్థి ఫోనో రీడరో పర్యవేక్షకుని బల్ల మీద ఉండవచ్చును. దాని ప్రక్కనే మీటరు కూడా ఉండవలెను. హెచ్చరిక మోగినప్పుడు వేలు గుచ్చి చూచుకొనుటకు ఐదు నిమిషములు, చక్కెర నిజముగా పడిపోయి ఉంటే తేరుకొనుటకు మరి ఇరువది నిమిషములు, పోయిన సమయమును పరీక్ష చివర కలుపుటకు పర్యవేక్షకునికి వ్రాతపూర్వకమైన అధికారము ఇవ్వవలెనని, వచ్చే విద్యా సంవత్సరపు మొదటి సమావేశములోనే దీనిని చర్చకు తీసుకొనవలెనని కోరుచున్నాము.