పఠనీయములు: నీరు, నగరము, ప్రభుత్వము

శాస్త్రము, రాజకీయము, నగరజీవనము పరస్పర సంబంధము లేని విషయములని పెక్కుమంది తలంచుచుందురు. అది సరికాదని తెలిసికొనగోరువారు మూఁడు రచనలను వరుసగా చదువవలెను.

మొదటిది డాక్టరు జాన్ స్నో 1855లో ప్రకటించిన కలరా గ్రంథము. 1854లో లండనునందు బ్రాడ్ వీథి పరిసరములలో ఆఱువందలమందికి పైగా మరణించిరి. మృతుల యిండ్లను పటముపై గుర్తించి, ఆ వీథి పంపునీరే వ్యాధికి మూలమని స్నో చూపెను. సెప్టెంబరు 8వ తేదీని పంపుపిడి తీసివేయఁబడెను. కాని చెడుగాలియే కారణమని నమ్మిన అధికారులు ఆయన సిద్ధాంతము నంగీకరింపరైరి.

రెండవది 1858 నాఁటి బ్రిటిషు పార్లమెంటు చర్చల సంపుటము. ఆ వేసవిలో థేమ్సునది దుర్గంధము సభాభవనమునే క్రమ్ముకొనఁగా, ఏండ్లతరబడి తేలని మురుగుకాలువల సమస్యకు కొలఁది దినములలో శాసనము వెలువడెను. శాస్త్రజ్ఞుని లెక్కలు చేయలేని పనిని దుర్గంధము చేసినది! స్నో అప్పటికే, ఆ జూన్ నెలలో, మరణించి యుండెను.

మూఁడవది 1951లో వెలువడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి స్మృతులు. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీ వఱద హైదరాబాదును ముంచెత్తిన పిమ్మటనే ప్రభుత్వము వారిని రప్పించెను. వారి సూచనల ఫలముగా ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను.

ఇల్లు కాలుచుండఁగా నుయ్యి త్రవ్వుట పాలకులకు పరిపాటి. దానిని మాన్పించుట పౌరుల విధి. 1992 నాఁటి 74వ రాజ్యాంగ సవరణము నీటిసరఫరాను, పారిశుద్ధ్యమును పురపాలక సంఘముల కప్పగింపఁదగిన విషయములలో చేర్చినది. కావున పన్ను చెల్లించు ప్రతివాఁడును తన యూరి నీటిపరీక్షల ఫలితములను అడిగి తెప్పించుకొని చదువవలెను. నాల్గవ పఠనము అదియే.