పక్కచూపు అడగని లైసెన్సు

25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటును పట్టపగలు గుర్తుపట్టగలరా? ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తోందా? రేచీకటి ఉందా? లారీ వంటి రవాణా వాహనాలు నడిపేవారికీ, 40 ఏళ్లు దాటి లైసెన్సు కోరేవారికీ డాక్టరు సంతకం చేసి ఇచ్చే ఫారం 1ఏలో కంటి గురించి అడిగేది దాదాపు ఇంతే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలతో వచ్చిన కాగితం అది. సందులోంచి హఠాత్తుగా రోడ్డు మీదికి వచ్చిన సైకిల్ ఆ మనిషికి కనిపిస్తుందా లేదా అన్న ప్రశ్న అందులో లేదు.

షుగర్ వల్ల రెండు కళ్లకూ లేజర్ చేయించుకున్న డ్రైవరుకు అసలు అడగాల్సింది ఆ ప్రశ్నే.

ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేకపోతే కంటి లోపల వెనకవైపు ఉండే రెటీనా పొరలో సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. ఆక్సిజన్ అందక అల్లాడే ఆ పొర కొత్త నాళాలను పుట్టిస్తుంది. వాటికి బలం ఉండదు. చిట్లి కంటినిండా రక్తం నింపుతాయి, పొరను లాగి ఊడదీస్తాయి. అందుకే డాక్టర్లు రెటీనా అంచుల్లో లేజర్‌తో 1200 నుంచి 1600 దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, చిన్న చిన్న చోట్ల కాలుస్తారు. అంచుల్లో ఆక్సిజన్ ఖర్చు తగ్గితే కొత్త నాళాలు ముడుచుకుపోతాయి, చదవడానికీ మనుషుల్ని గుర్తుపట్టడానికీ పనికొచ్చే మధ్యచూపు నిలుస్తుంది. ఈ చికిత్సతో చూపు తీవ్రంగా పోయే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని అమెరికాలో జరిగిన డయాబెటిక్ రెటినోపతీ స్టడీ 1976లోనే తేల్చింది. ఎన్నో ఇళ్లలో దీపం నిలిపిన వైద్యం ఇది.

అయితే కాల్చిన చోట చూపు ఉండదు. పక్కచూపు ఆ మేరకు తగ్గుతుంది. మసక వెలుతురులో చూడటానికి ఉపయోగపడే కణాలు ఎక్కువగా ఉండేదీ ఆ అంచుల్లోనే. అందువల్ల రాత్రిచూపు మందగిస్తుంది. ఎదురుబండి హెడ్‌లైట్ కంట్లో పడి వెళ్లాక మళ్లీ చీకటికి అలవాటు పడటానికి ఎక్కువసేపు పడుతుంది. నష్టం అందరికీ ఒకేలా ఉండదు; కొందరికి స్వల్పం, కొందరికి బాగా ఎక్కువ. చిక్కేమిటంటే, తన పక్కచూపు తగ్గిన సంగతి మనిషికి సులభంగా తెలియదు. ఖాళీలను మెదడు తనంతట తానే పూడ్చేస్తుంది. అక్షరాల చార్టులో చివరి వరుస దాకా గడగడా చదివేసినవాడు నంబరు ప్లేటు పరీక్షలోనూ నెగ్గుతాడు.

బ్రిటన్‌లో ఈ విషయాన్ని గాలికి వదిలేయలేదు. షుగర్ వల్ల రెండు కళ్లకూ, లేదా చూపున్న ఒకే ఒక్క కంటికి లేజర్ చేయించుకున్నవారు లైసెన్సులిచ్చే సంస్థ డీవీఎల్‌ఏకు ఆ సంగతి చెప్పి తీరాలి. దాస్తే 1000 పౌండ్ల దాకా జరిమానా. తర్వాత రెండు కళ్లూ తెరిచి ఉంచి పక్కచూపు కొలుస్తారు. కారు నడపాలంటే అడ్డంగా కనీసం 120 డిగ్రీల మేర కనిపించాలి, బస్సుకో లారీకో అయితే 160 డిగ్రీలు. పరీక్షలో తప్పినంత మాత్రాన కారు నడిపేవారందరికీ తలుపులు మూసేయరు. లోపం ఏడాదికి పైగా పెరగకుండా ఉండి, మనిషి దానికి అలవాటుపడ్డాడని తేలితే, కొందరికి రోడ్డు మీద నడిపించి చూసి నిర్ణయించే వీలుంది.

మన దగ్గరా ఇలాంటి పద్ధతి రావాలి. ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్లకు పైనే. వేళకు తిండి, నిద్ర లేక రాత్రుళ్లు స్టీరింగ్ పట్టే డ్రైవర్లకు షుగర్ అదుపులో పెట్టుకోవడం మరీ కష్టం. రవాణా వాహనాల లైసెన్సును అయిదేళ్లకోసారైనా కొత్తది చేయించుకోవాలి. సొంత కారుకైతే 30, 50 ఏళ్ల మధ్య తీసుకున్న లైసెన్సు పదేళ్లు చెల్లుతుంది. ఆ పదేళ్లలో కంటికి ఏం జరిగినా ఫారం మళ్లీ నింపే పని పడదు.

లైసెన్సు పోతుందన్న భయంతో డ్రైవర్లు ఆస్పత్రికే రారన్న వాదన ఉంది. అది తోసిపారేయాల్సింది కాదు. లేజర్ మానేసిన కన్ను ఒక్కరోజులో రక్తంతో నిండిపోవచ్చు, అదీ బండి నడుపుతుండగానే. లేజర్‌కు బదులు కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు పక్కచూపును ఎక్కువగా కాపాడతాయని 2015లో వెలువడిన ప్రొటోకాల్ ఎస్ అధ్యయనం చూపింది. కానీ వాటికి పదేపదే ఆస్పత్రికి రావాలి. నెలలో ఇరవై రోజులు హైవే మీదుండే లారీ డ్రైవరు రెండు మూడు విడతలు తప్పిస్తే కంటికే ప్రమాదం. అతనికి లేజరే నమ్మకమైన దారి కావచ్చు. కాబట్టి నిబంధన వైద్యానికి అడ్డుపడకూడదు: పరీక్ష ఖర్చు రవాణా శాఖ భరించాలి, పక్కచూపు చాలకపోతే బతుకుతెరువుకు మరో పని చూపాలి, రాత్రి ప్రయాణాలు మాత్రమే మానిపిస్తే సరిపోయే చోట అంతవరకే ఆగాలి.

పక్కచూపు కొలిచే యంత్రం కొత్తదేమీ కాదు, నీటికాసుల రోగుల కోసం పెద్ద కంటి ఆస్పత్రుల్లో రోజూ వాడుతున్నదే. గడ్డం ఆనించి, సూటిగా చూస్తూ, వెలుగుచుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. కొద్ది నిమిషాల పని. ఫారం 1ఏలో ‘రెండు కళ్లకూ లేజర్ జరిగిందా’ అన్న ఒక్క వరుస చేర్చి, అవునన్నవారి నుంచి ఆ పరీక్ష కాగితం అడిగితే చాలు. అంతవరకూ ఆగకుండా కంటి డాక్టర్లు ఇప్పుడే చేయగలిగిందీ ఉంది: లేజర్‌కు ముందే ‘నువ్వేం బండి నడుపుతావు?’ అని అడగడం, పక్కచూపు ఎంత మిగిలిందో చీటీ మీద తెలుగులో రాసివ్వడం.