పైసలిచ్చినంత మాత్రాన పునరావాసం అయిపోదు

ముంపు గ్రామాల మాట ఎత్తితే ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఎక్కడైనా వినబడే జవాబు ఒకటే: ‘పైసలు తీసుకున్నరు కదా, ఇంకేం కావాలె?’ చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లూ అదే అంటారు. ఫైలు చూసే అధికారి దాన్నే కాస్త మర్యాదగా చెబుతాడు. ఓట్ల ముందు హామీ ఇచ్చిన నాయకుడు గెలిచాక అదే మాట మీద నిలబడతాడు. నిర్వాసితులు ధర్నాకు కూర్చున్న ప్రతిసారీ ఈ ఒక్క ప్రశ్నతో వాళ్లను దోషులను చేస్తున్నాం. ఈ ప్రశ్న తప్పు. దాని వెనకున్న లెక్క కూడా తప్పే.

ముందు ఎదుటి వాదనను పూర్తిగా విందాం. ప్రాజెక్టు వల్ల లక్షల ఎకరాలకు నీళ్లు వస్తాయి. కొన్ని ఊళ్లు మునగక తప్పదు. భూమికి, ఇంటికి వెలకట్టి ప్రభుత్వం డబ్బిచ్చింది, కాలనీలో జాగా చూపించింది. కొందరు ఆ డబ్బును పెళ్లిళ్లకు, మోటారు బండ్లకు, తాగుడికి తగలేశారు. వాళ్ల పిల్లలు మేజర్లయినప్పుడల్లా కొత్త ప్యాకేజీ అడుగుతున్నారు. దీనికి అంతెక్కడ? చాలామంది నిజాయితీగానే ఇలా నమ్ముతున్నారు. కాబట్టి ఒక్కో మాటకూ జవాబు చెప్పాల్సిందే.

‘ఇచ్చాం’ అంటున్నారు. ఎప్పుడు ఇచ్చారు? మధ్యమానేరు పని 2006లో మొదలైంది. 25.87 టీఎంసీల ఆ జలాశయం నిండుగా నీళ్లు చూసింది 2019లో. ఈ పదమూడేళ్లూ నీలోజిపల్లి, వరదవెల్లి, కొదురుపాక, అనుపురం, సంకెపల్లి, చీర్లవంచ వంటి ఊళ్లు బతికీ బతకని స్థితిలో ఉన్నాయి. మునిగే ఊరని పేరు పడ్డాక అక్కడ భూమి కొనేవాడుండడు, కొత్త ఇల్లు కట్టే ధైర్యం ఎవరికీ ఉండదు, ఆ ఊరికి పిల్లనివ్వడానికి జంకుతారు. ఇంటికి 5.04 లక్షల రూపాయలు ఇస్తామని 2015లో అప్పటి ముఖ్యమంత్రి వేములవాడలో మాటిచ్చారు. ప్రభుత్వం మారాక 2024 చివర్లో గానీ ఈ నిర్వాసితులకు 4,696 ఇందిరమ్మ ఇండ్లు మంజూరు కాలేదు. మాటకూ మంజూరుకూ మధ్య తొమ్మిదేళ్లు. మంజూరుకూ గృహప్రవేశానికీ మధ్య ఇంకెంత కాలమో ఆ కుటుంబాలే భరించాలి. ఇన్నేళ్లు ఆలస్యం చేసినవాళ్లకు ‘తీసుకున్నారు కదా’ అని గద్దించే హక్కు ఎక్కడిది?

2013 భూసేకరణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. సాగునీటి ప్రాజెక్టు అయితే ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని అందులో రాసి ఉంది. ముందు కాలనీ సిద్ధం కావాలి, తరువాత ఊరు ఖాళీ కావాలి, ఆ తరువాతే నీళ్లు రావాలి. మన దగ్గర ఈ వరస తలకిందులైంది. నీళ్లు గోడ దాకా వచ్చాక, కరెంటు తీగలు తెంపాక జనం సామాన్లు ట్రాక్టర్లలో వేసుకుని అద్దె ఇండ్లు వెతుక్కున్నారు. కట్టకు ముహూర్తం పెట్టినంత శ్రద్ధగా కాలనీకి ఎవరూ ముహూర్తం పెట్టలేదు.

ఇక డబ్బు తగలేశారనే నింద. ఒక ఊరు ఊరంతటికీ ఒకే కాలంలో చెక్కులు వస్తే ఏమవుతుందో చూడండి. అందరూ చుట్టుపక్కల భూమి కోసమే వెతుకుతారు, అక్కడ ధర లేస్తుంది. పరిహారానికి పాత రిజిస్ట్రేషన్ విలువలు కొలతగా ఉంటాయి, కొనబోతే ఆనాటి బజారు ధర ఎదురవుతుంది. రెండెకరాల తరి పోయినవాడు ఆ డబ్బుతో అర ఎకరం చెలక కొనలేకపోతే అది అతని దుబారా కాదు. పైగా డబ్బు ఒక్కసారి రాదు. భూమికి ఒకసారి, ఇంటికి ఇంకోసారి, చెట్లకూ బావికీ మరోసారి విడతలుగా వస్తుంది. మధ్యలో అద్దె కట్టాలి, అప్పు తీర్చాలి, ఆగిపోయిన బిడ్డ పెళ్లి చేయాలి. విడతలుగా వచ్చిన సొమ్ము విడతలుగానే కరిగిపోతుంది. తాగి చెడిపోయినవాళ్లు అసలు లేరని నేను అనను. పని, పొలం, రచ్చబండ, ఇరుగుపొరుగు ఒకేసారి పోగొట్టుకున్న మగవాడి చేతికి డబ్బు మాత్రమే ఇచ్చి, పలకరించే మనిషిని కూడా పంపని వ్యవస్థకు ఆ తాగుడులో వాటా ఉంది.

పట్టా లేనివాళ్ల సంగతి ఇంకా దారుణం. గౌడన్నకు తాటివనమే ఆస్తి, అది అతని పేరున ఉండదు. చాకలికి చెరువు గట్టు, కూలి మనిషికి పదిమంది రైతుల పొలాలు, బర్రెలు సాకే ఒంటరి ఆడమనిషికి ఊరి బంజరు జీవనాధారం. ఇవేవీ కొలతల పుస్తకంలోకి ఎక్కవు. భూసేకరణకు మూడేళ్ల ముందునుంచీ ఆ భూమి మీద ఆధారపడి బతుకుతున్న కౌలుదారు, కూలీ, చేతివృత్తిదారు కూడా బాధితులేనని చట్టం ఒప్పుకుంది. ఆచరణలో పాసుపుస్తకం ఉన్నవాడే ముందు వరసలో నిలబడ్డాడు, మిగతావాళ్లకు గుంటల్లో కొలిచే ఇంటి జాగాతో సరిపెట్టారు. ఆ జాగాలో మనుషులకే చోటు చాలదు, బర్రెను ఎక్కడ కట్టేస్తారు?

అన్నిటికంటే నన్ను కలచివేసేది యువకుల గతి. హుస్నాబాద్ ప్రాంతంలోని గౌరవెల్లి చూడండి. 2007లో 1.41 టీఎంసీలతో తలపెట్టిన జలాశయాన్ని తెలంగాణ వచ్చాక 8.23 టీఎంసీలకు పెంచారు. గుడాటిపల్లి, దాని తండాలు ముంపులోకి వెళ్లాయి. 2022 జూన్‌లో ఆ ఊరి జనం మీద లాఠీలు విరిగినప్పుడు వాళ్ల ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి ఇది: కుటుంబాలను లెక్కించే కటాఫ్ తేదీ దాటాక పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలకూ ప్యాకేజీ ఇవ్వాలి. ‘అత్యాశ’ అన్నారు చాలామంది. లెక్క వేయండి. పని మొదలైననాడు మూడేళ్ల పసివాడు లాఠీఛార్జి నాటికి పద్దెనిమిదేళ్లవాడయ్యాడు. అతని బాల్యమంతా ‘మునిగే ఊర్లో’ గడిచింది. కటాఫ్ నాటికి అతను మైనరు, కాబట్టి ప్యాకేజీ లేదు. ఊరు ఖాళీ చేసేనాటికి మేజరు, కాబట్టి తండ్రికి వచ్చిన ఒక్క ఇంటి జాగాలో అన్నదమ్ములతో పంచుకోవాలి. ఊరు మునగకపోతే తాత ఇంటి పెరట్లో ఇంకో రెండు గదులు వేసుకునేవాడు, పొలంలో వాటా తీసుకునేవాడు. ఆ రెండు దారులూ ప్రభుత్వమే మూసింది. జాప్యం ప్రభుత్వానిది, శిక్ష పిల్లవాడిది. ఇందులో అత్యాశ ఎవరిది?

మేజరైన ప్రతి వ్యక్తినీ, ఆడైనా మగైనా, పెళ్లయినా కాకపోయినా, వేరే కుటుంబంగా లెక్కించాలని 2013 చట్టమే చెబుతోంది. వితంతువులను, భర్త వదిలేసిన స్త్రీలను కూడా విడిగా లెక్కించమంది. ఆలోచన గొప్పది. కానీ కుటుంబాలను ఏ రోజున లెక్కిస్తామన్న దగ్గరే దాని ప్రాణం తీశాం. మరో చట్టంతో పోల్చి చూడండి. బాలసదన్‌లో పెరిగిన అనాథ బిడ్డకు పద్దెనిమిది నిండిన మర్నాడే గేటు మూయకూడదని 2015 బాలల న్యాయ చట్టం గుర్తించింది. ఇరవై ఒకటో ఏడు వరకూ అనంతర సంరక్షణ ఉండాలంది. మిషన్ వాత్సల్య పథకం కింద కేంద్రం నెలకు 4,000 రూపాయల సాయం పెట్టింది. ఆ సాయం చాలదని, అందరికీ అందదని నాకు తెలుసు. అయినా ఇల్లూ వాకిలీ లేని యువకుడికి పద్దెనిమిదో పుట్టినరోజు తర్వాత కూడా తోడు కావాలన్న సూత్రాన్ని రాజ్యం ఒకచోట ఒప్పుకుంది. మరి తానే ఇల్లు ముంచిన పిల్లల దగ్గర ఆ సూత్రాన్ని ఎందుకు మరిచిపోతోంది?

ఈ యువకులు నిరాశ్రయులుగా ఎవరి కంటికీ కనబడరు. బస్టాండులో పడుకోరు. కరీంనగర్‌లో నలుగురు కలిసి ఒక గది తీసుకుంటారు, సిరిసిల్లలో మరమగ్గాల మీద రాత్రి పని చేస్తారు, దుబాయిలో లేబర్ క్యాంపుల్లో మంచాలు పంచుకుంటారు. సెలవుకు వచ్చినప్పుడు దిగడానికి వాళ్లకంటూ ఒక గడప ఉండదు. నగరాల్లో లక్ష జనాభాకు ఒక్కటైనా రాత్రీపగలూ తెరిచి ఉండే వసతి గృహం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. అది అవసరమైన ఆదేశం. కానీ నిరాశ్రయులు తయారయ్యే చోటు ముంపు గ్రామం. అక్కడ ఆపనిదే పట్నంలో ఎన్ని మంచాలు వేసినా చాలవు.

‘మరి ఏం చేయమంటారు, ఎక్కడైనా ఇంతే కదా’ అనేవాళ్లు పక్కనున్న ఆదిలాబాద్ చరిత్ర చదవాలి. రిజర్వు అడవుల పేరుతో గోండులను, కోలాములను ఊళ్ల నుంచి తరిమిన పాలన 1940లో జోడేఘాట్‌లో తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీమ్ నెత్తురు చూసింది. ఆ తరువాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పిలిపించింది. ఆయన నివేదిక రాసి వెళ్లిపోలేదు. మార్లవాయిలో గుడిసె వేసుకుని భార్య ఎలిజబెత్‌తో కలిసి గోండుల మధ్యనే ఉన్నాడు. 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు యువకులే గోండి వాచకాలతో గోండు పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆ చదువుతోనే కొందరు పట్వారీలు, గుమాస్తాలు అయ్యారు. 1940ల చివరికి ఆదిలాబాద్ జిల్లాలో 11,000కు పైగా గిరిజన కుటుంబాలకు సుమారు 1,60,000 ఎకరాల పట్టాలు అందాయి. నిలువ నీడ లేకుండా చేసిన జనాన్ని తిరిగి నిలబెట్టడానికి అప్పటి పాలన భూమి, బడి, కాపలా కాసే అధికారి, ఈ మూడింటినీ కలిపి ఇచ్చింది. ఆ దంపతుల సమాధులు ఇప్పటికీ మార్లవాయిలోనే ఉన్నాయి. ఆ ఊరి జనం వాళ్లను తమవాళ్లుగా తలుచుకుంటారు.

ఆ కథ రెండో సగం కూడా చెప్పాలి. కాపలా సడలగానే భూములు చేతులు మారాయి. షావుకారు అప్పుల్లో, బయటి నుంచి వచ్చినవాళ్ల ఆక్రమణల్లో గోండుల పట్టాలు కాగితాలుగా మిగిలాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కురిసిన పోలీసు తూటాల వెనక ఉన్నది ఆ భూముల అన్యాక్రాంతమే. పట్టా ఇచ్చి చేతులు దులుపుకుంటే నలభై ఏళ్లలో ఏమవుతుందో మన నేల మీదే రుజువైంది. ఇక చెక్కు ఇచ్చి దులుపుకుంటే నాలుగేళ్లు కూడా పట్టదు.

కాగజ్‌నగర్ వైపు వెళ్తే ఈస్‌గాం, నజ్రుల్‌నగర్, రవీంద్రనగర్ కనబడతాయి. తూర్పు పాకిస్తాన్ నుంచి చెదిరి వచ్చిన బెంగాలీ శరణార్థులకు కేంద్రం చూపించిన చోటు ఇది. భాష రాని, వాన తీరు తెలియని ప్రాంతంలో వాళ్లకు చెక్కు ఇచ్చి పొమ్మనలేదు. భూమి ఇచ్చారు, ఇంటి జాగా ఇచ్చారు, ఊరుగా ఒకచోట కూర్చోబెట్టారు. అందుకే నిలదొక్కుకున్నారు. దేశం దాటి వచ్చినవాళ్లకు సాధ్యమైనది మానేరు ఒడ్డు రైతుకు అసాధ్యం ఎలా అవుతుంది? అక్కడ కూడా పని సగంలోనే ఆగింది. పశ్చిమ బెంగాల్‌లో షెడ్యూల్డ్ కులంగా ఉన్న నామశూద్రులకు ఇక్కడ ఆ గుర్తింపు లేదు. తాతలు సాగు చేసుకున్న భూమి మనవళ్లకు వాటాలై చాలకపోయినప్పుడు, చదువుకున్న పిల్లలు ఉద్యోగాల వరసలో తమ వంతు ఏదో తెలియక నిలబడ్డారు. పునరావాసం ఒక తరంతో ముగిసే పని కాదని ఆ పిల్లలను చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు కవ్వాల్ పులుల అభయారణ్యం నుంచి రాంపూర్, మైసంపేట ప్రజలను బయటికి తెచ్చారు. కడెం మండలంలో మద్దిపడగ దగ్గర కొత్త ఇండ్లలో పెట్టారు. ఇండ్లు ముందు కట్టి తరువాత తరలించడం మంచి మార్పే, మెచ్చుకోవాలి. కానీ గృహప్రవేశం ఫొటోతో ఈ కథ ముగిస్తే మళ్లీ పాత తప్పే చేస్తాం. అడవిలో ఇప్పపువ్వు, తునికాకు ఏరిన చేతులకు రోడ్డు పక్కన ఏ పని దొరికిందో ఐదేళ్ల తరువాత, పదేళ్ల తరువాత అడగాలి. అడిగే బాధ్యత ఒక మనిషికి పేరుపెట్టి అప్పగించాలి.

ప్రాజెక్టులు వద్దని ఇక్కడ ఎవరూ అనడం లేదు. ముంపు రైతు కూడా అనలేదు. పదిమంది పొలం పారడానికి తన పొలం ఇచ్చినవాడు ఆ పదిమందికంటే బీదవాడు కాకూడదన్నదే అతని మాట. దానికి కొత్త చట్టం అక్కరలేదు. ఊరు నిజంగా ఖాళీ చేసిన రోజునే కటాఫ్‌గా పెట్టండి. ఆనాటికి మేజరైన ప్రతి అమ్మాయినీ అబ్బాయినీ కుటుంబంగా లెక్కించండి. జలాశయంలో చేపల మీద మొదటి హక్కు మునిగిన ఊళ్లవాళ్లకే ఇవ్వండి. ప్రాజెక్టు కింద వచ్చే కొలువుల్లో వాళ్ల పిల్లలకు ముందు పిలుపు ఇవ్వండి. ప్రతి కాలనీకి కనీసం పదేళ్లపాటు ఒక సహాయకుడిని నియమించండి. ఆధార్ చిరునామా మార్చడం నుంచి బ్యాంకు అప్పు దాకా, బడి మానేసిన పిల్లవాణ్ని వెతకడం నుంచి తాగుడు మాన్పించడం దాకా అతని పనే కావాలి. వంద ఎకరాలకు పైగా సేకరిస్తే కలెక్టరు కింద పునరావాస కమిటీ ఉండాలని, అందులో బాధితుల ప్రతినిధులు, మహిళలు, దళితులు, గిరిజనులు ఉండాలని, పని పూర్తయ్యాక సామాజిక తనిఖీ జరగాలని చట్టంలో ఇప్పటికే ఉంది. ఆ కమిటీలను కూర్చోబెట్టండి, వాటి లెక్కలు కాలనీ నడిబొడ్డున చదివి వినిపించండి.

అంతు ఎక్కడ అని అడిగారు కదా. ముంపులో ఊరు పోయిన కుటుంబం మునగకముందు బతికినంత మర్యాదగా మళ్లీ బతికిన రోజే అంతు. ఆ రోజు వచ్చేదాకా నిర్వాసితులు అడుగుతూనే ఉంటారు. వాళ్ల త్యాగంతో పారిన నీటితో పంట తీసిన మనమందరం వాళ్లతో కలిసి అడగాలి.