వెనక సీటు లెక్కలో లేని బేరం

దిల్‌సుఖ్‌నగర్‌లో 'కన్సల్టెన్సీ' అన్న బోర్డులు రెండు రకాలు. ఒకటి మేడ మీద ఉంటుంది, పిల్లల్ని పైచదువులకు విదేశాలు పంపిస్తుంది. రెండవది నేల మీద, కాలిబాటను కూడా తనలో కలుపుకొని ఉంటుంది. పాత బళ్ళు కొని అమ్ముతుంది. మొదటిదాని మాయల గురించి తెలుగులో కావలసినంత రాశారు. రెండవదాని గురించి రాసినవారు తక్కువ. అక్కడ మోసపోయామని కొన్నవారు అనుకోరు గనుక. బండి నడుస్తోంది కదా! ఆ 'నడుస్తోంది కదా' మీదనే నా తగాదా.

(ద్విచక్రిక అని రాద్దామని మనసు పీకింది. మన జాలజనులకు అటువంటి మాటలంటే ముచ్చట. కానీ కొత్తపేటలో నిలబడి ద్విచక్రిక కావాలంటే ఎవరూ పలకరు. బండి అనే అంటాను.)

శనివారం తెల్లవారుజామున ఎల్బీ నగర్ కూడలిలో కాసేపు నిలబడితే ఈ కాలపు ముచ్చట ఒకటి కనబడుతుంది. ఒక బండి, ముందు అతను, వెనక ఆమె, సీటుకు తాళ్ళతో బిగించిన సంచి. కొందరు సాగర్ రోడ్డు పట్టి ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ మీదుగా నాగార్జునసాగర్‌కు పోతారు. కొందరు హయత్‌నగర్ దాటి విజయవాడ దారి పడతారు. పూర్వం కొత్త దంపతులకు తిరుపతి ప్రయాణం, వెంట ఇద్దరు పెద్దవాళ్ళు. ఇప్పుడు ఇద్దరే వెళుతున్నారు, తమకు నచ్చిన చోట ఆగుతున్నారు, చాయ్ తాగుతున్నారు. దీన్ని చూసి ముఖం చిట్లించేవారి పక్షాన నేను లేను. మన సమాజంలో భార్యాభర్తలు తమ ఇష్టప్రకారం ఒక పగలంతా గడపగలిగే అతి చవకైన మార్గం ఇది. కొత్త బండి ధర అందనివారికి ఆ మార్గం మలక్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా ఉన్న ఈ పాతబళ్ళ దుకాణాలలోనే మొదలవుతుంది.

నా అభ్యంతరమల్లా ఆ బేరం జరిగే తీరు మీద. భార్యాభర్తలిద్దరూ కలిసే వస్తారు. అమ్మేవాడు అతనితోనే మాట్లాడతాడు. ఎన్ని సీసీలు, ఎంత మైలేజీ, పికప్ ఎలా ఉంది, ఎన్ని చేతులు మారింది. అతను తాళం తీసుకుని గల్లీ చివరిదాకా ఒంటరిగా వెళ్ళి వస్తాడు. "బాగుంది" అంటాడు. ఆమె అంతసేపూ దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఇద్దరు కూర్చుని మూడు వందల కిలోమీటర్లు తిరగవలసిన బండిని ఒక్కడు కూర్చుని మూడు వందల గజాలు నడిపి కొంటున్నారన్నమాట! ఇద్దరూ ఎక్కి, గతుకులలో ఒకసారి, ఎత్తులో ఒకసారి నడిపి చూస్తే తప్ప వెనక షాకబ్సర్ల సంగతి, బ్రేకుల సంగతి, ఆమె కాళ్ళకూ వేడి సైలెన్సరుకూ ఎంత ఎడం ఉందన్న సంగతీ తెలియవు.

వెనక సీటుకు చట్టం కొంత గౌరవం ఇచ్చింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) 123వ నిబంధన ప్రకారం వెనక మనిషిని ఎక్కించుకునే బండికి పట్టుకోవడానికి శాశ్వతమైన పిడి ఉండాలి, పాదాలు ఆనించే ఏర్పాటు ఉండాలి, వెనకచక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ ఉండాలి. కట్టుబట్ట చక్రంలో చిక్కుకోకుండా. మనం శారీ గార్డు అంటున్నది దాన్నే. ఇక ఈ దుకాణాల ముందు వరుసగా నిలిపిన బళ్ళ వెనక చక్రాలు చూడండి. ఎన్నిటికి ఆ గార్డు మిగిలి ఉంది? "లుక్కు రాదు సార్" అని మొదటి యజమాని పీకేస్తాడు, రెండోవాడు పిడి తీసేస్తాడు, మూడోవాడు వెనక సీటు సన్నగా చెక్కించి ఏటవాలుగా పైకి లేపుతాడు. ఆ పీకివేతలన్నీ అయ్యాక మెరుగు పెట్టి "స్పోర్ట్స్ మోడల్" అని వెయ్యి రూపాయలు ఎక్కువ చెబుతారు. చీరకొంగో చున్నీయో చక్రంలో పడితే ఏమవుతుందో తెలియని తెలుగు ఇల్లు లేదు. తెలిసీ ఆ బండి ఎందుకు కొంటున్నాం? లుక్కు చూసేవాడు ముందు కూర్చుంటాడు, చున్నీ వేసుకున్న మనిషి వెనక కూర్చుంటుంది.

ఇదంతా ఇనుము సంగతి. కాగితం సంగతి ఇంతకంటె అన్యాయం.

మన వైపు పాతబండి అమ్మకమంటే ఆర్సీ, దానితో పాటు సంతకాలు మాత్రం పెట్టి మిగతావి ఖాళీగా వదిలిన 29, 30 ఫారాలు చేతిలో పెట్టడం. కొన్నవాడు ఆ ఫారాలను బీరువాలో పెళ్ళి ఫోటోల కింద దాచుకుంటాడు. రెండేళ్ళు తిరిగి, అవే ఖాళీ ఫారాలతో మరొకరికి అమ్ముతాడు. బండి చేతులు మారుతుంది, పేరు మారదు. మోటారు వాహనాల చట్టం (1988) 50వ సెక్షను చెప్పేది వేరు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రవాణా శాఖకు తెలియజేయాలి. వేరే రాష్ట్రపు బండి అయితే అమ్మినవారికి 45 రోజుల గడువు.

తెలియజేయకపోతే ఏమవుతుందని అడిగేవారి కోసం ఒక కథ. ఇది కథ కాదు, 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు. ఒకాయన 2007లో తన కారు అమ్మాడు. కొన్నవాడు మరొకరికి, ఆ మరొకరు ఇంకొకరికి అమ్మారు. పేరు మాత్రం మొదటాయనదే. 2009లో ఆ కారు కింద పడి ఒక కుర్రవాడు చనిపోయాడు. కారుకు బీమా లేదు. పరిహారం ఎవరు కట్టాలి? ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని, వారే కట్టాలి అన్నది న్యాయస్థానం. బాధితుడు పరిహారం కోసం చేతులు మారిన వరుసనంతా వెతుక్కుంటూ తిరగలేడు గదా అన్నది దాని తర్కం. కాదనడానికి వీలులేని తర్కం. అంటే కొత్తపేటలో ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి, నోట్లు లెక్కబెట్టుకుని, హమ్మయ్య అని మెట్రో ఎక్కి వెళ్ళిన మనిషి ఆ బండిని అమ్మలేదన్నమాట. ఎవరికో అప్పుగా ఇచ్చి, దాని పాపాలు మాత్రం తన దగ్గర ఉంచుకున్నాడు.

ఈ పేటకు మరొక జ్ఞాపకం ఉంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇక్కడి బస్‌స్టాపుల దగ్గర పేలిన రెండు బాంబులూ సైకిళ్ళ మీద పెట్టినవే. ఎవరిదో తెలియని రెండు చక్రాలంటే ఏమిటో దిల్‌సుఖ్‌నగర్‌కు వేరే చెప్పనక్కరలేదు. అయినా ఇక్కడే పేరు మారని బండి ఇంత తేలికగా చేతులు మారుతోందంటే ఏమనాలి?

అమ్మినవాడి సంగతి సరే, కొన్న జంట సంగతి చూద్దాం. ఇక్కడ వెనక సీటు మళ్ళీ లెక్క తప్పుతుంది.

బేరం చివర అమ్మేవాడు "ఇన్సూరెన్స్ ఉంది సార్, ఫోర్స్‌లో ఉంది" అంటాడు. ఏ ఇన్సూరెన్స్ అని అడగం. సాధారణంగా అది థర్డ్ పార్టీ పాలసీ. 2022 జూన్ నుంచి అమలులోకి వచ్చిన రేటు ప్రకారం 150 నుంచి 350 సీసీల బండికి పన్నులు కాక 1,366 రూపాయలు. పోలీసులు ఆపితే చూపించడానికి చాలు. అయితే థర్డ్ పార్టీ అంటే మూడవ మనిషి. మన బండి వెనక కూర్చున్న మనిషి మూడవ మనిషేనా? కాదు అన్నది సుప్రీంకోర్టు 2006లో, తిలక్ సింగ్ కేసులో. చిత్రమేమంటే అక్కడి స్కూటరు కూడా చేతులు మారినదే, కంపెనీకి తెలియజేయనిదే. అమ్మకం జరిగినా మూడవ మనిషి పట్ల బీమా కంపెనీ బాధ్యత పోదని ఒప్పుకుంటూనే, వెనక కూర్చుని ప్రాణం పోగొట్టుకున్న మనిషి మాత్రం చట్టం తప్పనిసరి చేసిన పాలసీ కిందికి రాడని తేల్చింది. 2008లో మరొక కేసులో అదే మాట చెప్పింది.

సాగర్ దారిలో లారీ తప్పు వల్ల ప్రమాదం జరిగితే లారీకున్న బీమా ఆమెకు వర్తిస్తుంది. మలుపులో ఇసుక మీద బండి జారితే, నిద్ర మత్తులో అతనే డివైడరుకు కొడితే? రోడ్డు మీద నడిచిపోతున్న అపరిచితుడికి ఆ పాలసీలో చోటుంది, అతని భార్యకు లేదు. ఆమెకు చోటు కావాలంటే సమగ్ర పాలసీ ఉండాలి. అందులో వెనక కూర్చున్నవారూ వస్తారని బీమా నియంత్రణ సంస్థ 2009 నవంబరులో కంపెనీలకు స్పష్టం చేసింది. తరువాత సుప్రీంకోర్టూ అంగీకరించింది. ఆ పాలసీ కూడా కొన్నవారి పేరున మారాలి. చట్టం 14 రోజుల గడువిచ్చింది. మారకపోతే బండి నష్టానికి ఏమీ రాదు. యజమానీ నడిపేవారూ ఒకరే అయినప్పుడు వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా రాదు. ఆర్సీలోనూ పాలసీలోనూ ఉన్న పేరు వేరెవరిదో కదా!

లోకమంతా ఇంతే అనేవారికి ఒక్క ఉదాహరణ. మన పిల్లలు మేడ మీది కన్సల్టెన్సీ పుణ్యమా అని బ్రిటన్ చేరి, అక్కడ పాత మోటారు సైకిలు కొని, భార్యనో స్నేహితురాలినో ఎక్కించుకుని స్కాట్లండ్ కొండలు చుట్టివస్తున్నారు. అక్కడ అమ్మినవారే పేరు మార్పును ప్రభుత్వానికి తెలియజేస్తారు, కొన్నవారి చేతికి ఒక ఆకుపచ్చ చీటీ చించి ఇస్తారు. మూడేళ్ళు దాటిన ప్రతి బండికీ ఏటా పరీక్ష ఉంటుంది. ఆ పరీక్షలలో నమోదైన మైళ్ళ లెక్కను ఎవరైనా డబ్బు కట్టకుండా చూసుకోవచ్చు గనుక మీటరు వెనక్కి తిప్పితే పట్టుబడిపోతాడు. అన్నిటికంటె ముఖ్యం, ప్రయాణికుల పట్ల బాధ్యతను తప్పనిసరి బీమాలో చేరుస్తూ వాళ్ళు 1971లోనే చట్టం చేసుకున్నారు. అక్కడ వెనక సీటు మనిషి చట్టం లెక్కలో మనిషే. కొత్తపేటలో 29, 30 ఫారాలు దాచుకున్న కుర్రవాడే అక్కడికి వెళ్ళాక ఆకుపచ్చ చీటీ అడిగి తీసుకుంటున్నాడు. కనుక "మనవాళ్ళింతే" అన్న వేదాంతాన్ని నేను ఒప్పను.

ఖాళీ ఫారాల పక్షాన ఒకే ఒక్క వాదం నాకు బరువైనదిగా కనిపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ అద్దె ఇళ్ళ, హాస్టళ్ళ పేట. నల్లగొండ నుంచో ఖమ్మం నుంచో కోచింగుకు వచ్చి, ఉద్యోగం దొరికి, పెళ్ళయి ఇక్కడే ఉండిపోయినవారికి ఆధార్‌లో ఊరి చిరునామాయే ఉంటుంది. ఇంటి యజమాని అద్దె ఒప్పందం రాయడు. పేరు మార్చుకుందామంటే చిరునామా రుజువు కావాలి. ఊరి చిరునామాతో చేయించుకుందామంటే నిరభ్యంతర పత్రం కోసం ఒక ఆఫీసు, మార్పిడి కోసం మరొక ఆఫీసు, రెండింటి మధ్య బ్రోకరు. పాత బండి ఏపీ నంబరుదైతే మరి కొంత తిరుగుడు. ఏపీ 11 బండిని చూసి ఆంధ్రా బండి అనుకునే కుర్రవాళ్ళున్నారు; అది మలక్‌పేట బండి. 2014కు ముందు మనందరిదీ అదే అక్షరం, తరువాత టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. ఈ తిరుగుడు తప్పించుకోవడానికి ఖాళీ ఫారాలు పుట్టాయంటే అర్థం చేసుకోగలను. ఇందులో తప్పు కొన్నవారిది కాదు. అద్దెకున్నవాడు కూడా ఊళ్ళో ఉన్నట్టేనని గుర్తించని వ్యవస్థది.

కానీ దుకాణంవాడికి ఆ సానుభూతి చెల్లదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పాతబళ్ళ వ్యాపారి రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. యజమాని బండిని అతనికి అప్పగించినప్పుడు 29సి ఫారంలో ఆ సంగతి తెలియజేస్తే, అక్కడి నుంచి వ్యాపారినే యజమానిగా భావిస్తారు. పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టే హక్కు కూడా అతనికి ఉంది. అమ్మినవాడికి రక్షణ, కొన్నవాడికి సౌకర్యం, రెండూ అందులో ఉన్నాయి. దుకాణంలోకి అడుగుపెట్టగానే ఆ పత్రం గోడమీద ఉందేమో చూడండి. లేదంటే ఎందుకు లేదో అడగండి. "అదేం అవసరం లేదన్నా, ఇరవై ఏళ్ళ సంది చేస్తున్నం" అనే జవాబు వస్తే, ఆ ఇరవై ఏళ్ళూ ఎవరి పేర్ల మీద చేశారో ఆలోచించండి.

బేరం మాటలు కూడా కొంచెం మార్చవలసి ఉంది. ధరలో అయిదు వందలు తగ్గించమని అరగంట వాదించే బదులు, తీసేసిన శారీ గార్డూ పిడీ బిగించి ఇమ్మనండి. అవి కొత్తవి కొన్నా కొన్ని వందల రూపాయల సామానే. పెండింగు చలానాలు అమ్మినవారి చేత కట్టించండి. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు ఇచ్చిన నిరభ్యంతర పత్రం, 35వ ఫారం చేతికి వచ్చాకనే మాట సాగనివ్వండి. ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోల్చండి. తుప్పు పట్టి కనబడదంటే గుడ్డతో తుడిచి చూపించమనండి. మొత్తం సొమ్ములో కొంత అట్టే పెట్టి, ఆర్సీ మీ పేరున వచ్చిన రోజున ఇస్తామనండి. ముఖం మాడ్చుకుంటాడు, ఇట్లా ఎవరూ అడగరంటాడు. అడగనివ్వండి ఆమెను కూడా. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి, వెనక సీటు మీద కూర్చుని, పాదాలు ఆనుతున్నాయో లేదో చూసి, ఈ బండి వద్దు అంటే ఆ బేరం అక్కడితో సరి. చైతన్యపురి దాకా నడిస్తే ఇంకో దుకాణం ఉంటుంది.