గుడ్డుకు అరటిపండు సాటి కాదు

శాకాహారం గొప్పదా, మాంసాహారం గొప్పదా అని మన భోజనాల కాడ ఎప్పుడూ కొట్లాటే. నీసు తినేటోళ్లు తిననోళ్లను "గడ్డి తినేటోళ్లు" అని ఎక్కిరిస్తరు. తిననోళ్లు వాళ్లను చూసి ముక్కు మూసుకుంటరు. ఈ కొట్లాట దండుగ అని నా అభిప్రాయం. పెరిగే పిల్లలకు కావలసింది సమతుల ఆహారం. అది పళ్లెంల ఉన్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం 13 నుండి 15 ఏండ్ల బాలురకు రోజుకు 45 గ్రాములు, బాలికలకు 43 గ్రాముల మాంసకృత్తులు కావాలె. ఇనుము బాలురకు 22 మిల్లీగ్రాములు, బాలికలకు 30. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 15 నుండి 19 ఏండ్ల ఆడపిల్లల్లో నూటికి 60 మందికి పైగా రక్తహీనత ఉన్నదని తేలింది. ఇది చిన్న సంగతి కాదు. రక్తం తక్కువైతే ఆటల ఆయాసం, చదువుల నిద్ర వస్తయి.

మరి మాంసం లేకుండా ఇవి దొరుకుతయా? దొరుకుతయి, కాని పాళ్లు కుదరాలె. మన బసంత్‌నగర్‌ల సిమెంటు ఫ్యాక్టరీ ఉన్నది. ఒక్క సిమెంటు పోస్తే గోడ లేస్తదా? ఇసుక, కంకర, నీళ్లు కూడా కలవాలె. తిండి కూడా అంతే. బియ్యంలో, జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది. పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యం, జొన్నలు ఇస్తయి. మన పెద్దలు జొన్నరొట్టెల పప్పు అద్దుకొని తిన్నరంటే అందులో ఇంత శాస్త్రం ఉన్నది. రాగుల్లో పాలకంటే ఎక్కువ కాల్షియం ఉంటుంది. తోటకూర, మునగాకులో ఇనుము ఉంటుంది. దానితోపాటు నిమ్మరసమో, ఉసిరికాయో, జామపండో తింటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్నవెంటనే చాయ్ తాగితే పట్టదు. ఇక బి12 విటమిన్ ఆకుల్లో, గింజల్లో ఉండదు. కాబట్టి గుడ్డు, మాంసం తిననోళ్లకు పాలు, పెరుగు తప్పనిసరి.

ఇప్పుడు అసలు మాటకు వస్తా. గుడ్డు పెట్టిన రోజు గుడ్డు తిననోళ్లకు అరటిపండు ఇస్తరు. గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటయి, అరటిపండులో ఒక్క గ్రాము. పండు మంచిదే, కాని గుడ్డుకు సాటి కాదు. అదే 25 గ్రాముల పల్లీలు, అంటే ఒక గుప్పెడు, 6 గ్రాములు ఇస్తయి. గ్లాసెడు పాలు కూడా అంతే ఇస్తయి, పైగా బి12 ఉంటుంది. మాల వేసుకున్నోళ్లు, ఇంటి ఆచారం ఉన్నోళ్లు నష్టపోవుడెందుకు?

"ఒకరికి పల్లీలు ఇస్తే అందరు అడుగుతరు" అనవచ్చు. నెల మొదట్లనే ఎవరేం తింటరో పేర్లు రాయించుకుంటే ఆ తకరారు ఉండదు. 2024 డిసెంబరులో కొత్త మెనూ వచ్చినప్పుడు 8 నుండి 10 తరగతులకు నెలకు డైట్ చార్జీలు 1,100 నుండి 1,540 రూపాయలకు పెరిగినయి. గుప్పెడు పల్లీలు గొంతెమ్మ కోరిక కాదు.

అట్లని తినేటోళ్ల గుడ్డు తీసెయ్యాలె అనుడు కూడా తప్పే. 2015లో మధ్యప్రదేశ్‌లో గిరిజన ప్రాంతాల అంగన్‌వాడీలలో గుడ్డు పెడతామంటే అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ ఒప్పుకోలేదు. ఒకరి నియమం ఇంకొకరి పిల్లల ఆకలి మీద రుద్దరాదు.

చివరగా, వార్డెన్ గార్లకు మా మనవి: తిననోళ్లకు పండుతోపాటు పల్లీలో, పాలో ఇప్పించండి. పప్పు కొంచెం చిక్కగా ఉండేటట్లు చూడండి. మిత్రులకు ఒక మాట: ఆకుకూరను ఏరి బకెట్ల పడేస్తున్నరు. బకెట్ల పడ్డ తోటకూర ఎవరికీ రక్తం కాదు. తిందాం, ఎదుగుదాం!